పాలపుంత రొదను తూచే త్రాసు

ఢిల్లీ వసంత్ కుంజ్‌లో కాపురముండేవాళ్లకు విమానాల చప్పుడు కొత్త కాదు. ఇందిరా గాంధీ విమానాశ్రయంలో తూర్పు వైపు నుంచి దిగే విమానాలు ఆ కాలనీ నెత్తి మీదుగానే వస్తాయి. బాల్కనీలో మాట్లాడుకుంటున్నవాళ్లు, చక్రాలు చాచిన విమానం దాటిపోయేదాకా ఆగి మళ్లీ మాట అందుకుంటారు. అలా వచ్చిపోయే దూరప్రయాణపు విమానాల్లో కొన్ని ధ్రువప్రాంతాల మీదుగా తిరిగేవీ ఉంటాయి. 2019 ఆగస్టు 15న ఎయిర్ ఇండియా ఢిల్లీ-శాన్ ఫ్రాన్సిస్కో విమానం ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరింది.

ధ్రువం దగ్గర పైలట్‌కు ఒక చిక్కు ఉంది. 82 డిగ్రీల అక్షాంశం దాటాక భూస్థిర ఉపగ్రహాలు దిగంతం కిందికి జారిపోతాయి. నేలతో మాట కలపాలంటే పాతకాలపు హెచ్‌ఎఫ్ రేడియోనే పెద్ద దిక్కు. సూర్యుడు ఉగ్రరూపం దాల్చిన రోజున ఆ రేడియో కూడా మూగబోతుంది. 2005 జనవరిలో అలాంటి సౌర తుఫాను వచ్చినప్పుడు ఒక్క విమాన సంస్థే 26 ధ్రువ విమానాలను వేరే దారి పట్టించింది.

రేడియో ఎందుకు మూగబోతుంది? సూర్యుడి నుంచి దూసుకొచ్చే విద్యుదావేశ కణాలను భూమి అయస్కాంత రేఖలు ధ్రువాల వైపు మళ్లిస్తాయి. అవి గాలిలోకి చొచ్చుకొచ్చి అణువులను ఢీకొట్టి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. 300 కిలోమీటర్ల ఎత్తులో గాలి బాగా పలచన కాబట్టి, రేడియో తరంగం తగిలి ఊగిన ఎలక్ట్రాన్ ఆ శక్తిని తిరిగి తరంగానికే ఇచ్చేస్తుంది. 80 కిలోమీటర్ల ఎత్తులో అలా కుదరదు. అక్కడ గాలి చిక్కన. ఊగుతున్న ఎలక్ట్రాన్ పక్కనున్న అణువుకు గుద్దుకుంటుంది, తరంగం శక్తి వేడిగా మారిపోతుంది. దీన్నే శోషణ అంటారు.

ఈ శోషణను కొలవడమెలా? విడి ఎలక్ట్రాన్లు నిండిన ఆ పైగాలి పొరను, అంటే ఐనో ఆవరణాన్ని, పరీక్షించడానికి మొదట్లో అయనోసోండ్ ఉండేది. నేల మీద నుంచి రేడియో స్పందనను పైకి పంపి, ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గడం దాని పని. శోషణ తీవ్రమైతే వెళ్లిన తరంగం వెనక్కి రాదు. ఏ రోజు సమాచారం అత్యవసరమో సరిగ్గా ఆ రోజే యంత్రానికి చూపు పోయేది. పైనుంచి కిందికి నిరంతరం వెలిగే రేడియో దీపం ఏదైనా ఉంటే తప్ప ఈ చిక్కు వీడదు.

ఆ దీపం ఆకాశంలో ఎప్పటి నుంచో ఉంది. పాలపుంత నుంచి రేడియో రొద వస్తోందని అమెరికా ఇంజనీర్ కార్ల్ జాన్‌స్కీ 1933లో ప్రకటించాడు. ఆ రొద ఏళ్ల తరబడి మారదు. దాన్ని ఐనో ఆవరణాన్ని కొలిచే కొలబద్దగా మార్చినవారిలో ముందు వరసలో నిలిచింది కలకత్తా కుర్రాడు అశేష్ ప్రసాద్ మిత్ర. 1927లో పుట్టాడు, ఐనో ఆవరణ శాస్త్రంలో మన దేశానికి ఆద్యుడైన శిశిర్ కుమార్ మిత్ర దగ్గర చదువుకున్నాడు. 1951లో కొలంబో ప్రణాళిక ఫెలోషిప్ మీద ఆస్ట్రేలియా వెళ్లాడు.

అక్కడ సిడ్నీ దగ్గర హార్న్స్‌బీలో అలెక్స్ షేన్ అనే శాస్త్రవేత్త 18.3 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పాలపుంత రొదను నమోదు చేస్తున్నాడు. ఖగోళ శాస్త్రవేత్తకు ఐనో ఆవరణం అడ్డుతెర. మిత్రకు ఆ తెరే అసలు వస్తువు. ఆకాశంలో ఒకే భాగం తలపైకి వచ్చినప్పుడల్లా ఒకే రొద వినబడాలి కదా, తగ్గిందంటే ఆ తగ్గినంతా మధ్యలో ఐనో ఆవరణం మింగిందన్నమాట. ఇదీ లెక్క. 1953లో మిత్ర, షేన్ కలిసి ఆ పద్ధతిని ప్రచురించారు. మిత్ర ఆస్ట్రేలియా నుంచి అమెరికా వెళ్లి, 1954లో ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరాడు.

పద్ధతి పుట్టింది కానీ యంత్రం ఇంకా పుట్టలేదు. వాల్వుల కాలం అది. గది వేడెక్కినా, కరెంటు వోల్టేజీ ఊగినా రిసీవర్ సున్నితత్వం మారిపోయేది. రొద తగ్గిందా, రిసీవర్ డీలా పడిందా అన్నది తేలేది కాదు. దీనికి మందు కనిపెట్టింది అలాస్కాలో గోర్డన్ లిటిల్, హెరాల్డ్ లైన్‌బాక్. 1959లో ప్రచురించిన ఆ యంత్రానికి రియోమీటర్ అని పేరు పెట్టారు.

కంసాలి త్రాసు చూసినవాళ్లకు దాని కీలకం ఇట్టే బోధపడుతుంది. ఒక తట్టలో యాంటెన్నా నుంచి వచ్చే పాలపుంత రొద. రెండో తట్టలో నాయిస్ డయోడ్ అనే చిన్న వాల్వు పుట్టించే రొద. రిసీవర్ సెకనుకు ఎన్నోసార్లు అటూ ఇటూ మారుతూ రెండింటినీ పోలుస్తుంది. తేడా ఉంటే డయోడ్ కరెంటును పెంచో తగ్గించో సరిసమానం చేస్తుంది. ఆ కరెంటు ఎంతో కాగితం మీద పెన్ను గీస్తుంది. రిసీవర్ డీలా పడ్డా ఫర్వాలేదు, రెండు తట్టలూ సమానంగా డీలా పడతాయి. తూకం చెడదు.

పెన్ను గీసిన గీత రోజంతా పాలపుంతతో పాటు మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది. నక్షత్రాల్లాగే ఆ శిఖరం కూడా రోజుకు సుమారు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతుంది. ప్రశాంతమైన రోజుల గీతలను పేర్చి ప్రామాణిక రేఖ తయారు చేస్తారు. అలాంటి ఆవేశ కణాల తాకిడికి ఆకాశంలో వెలిగే ధ్రువకాంతులు విజృంభించిన రాత్రి పెన్ను ఆ రేఖ నుంచి ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. 3 డెసిబెళ్లు పడితే సగం శక్తి ఆవిరైనట్టు, 10 పడితే పదో వంతే మిగిలినట్టు.

ఒక్క యాంటెన్నా ఒక్క ముక్కనే చూస్తుంది. పటం గీయాలంటే అనేక కళ్లు కావాలి. మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన డెట్రిక్, రోజెన్‌బర్గ్ 49 పుంజాలతో ఆకాశాన్ని గళ్లుగా విడదీసే ఇమేజింగ్ రియోమీటర్‌ను దక్షిణ ధ్రువంలో నెలకొల్పి, 1990లో ప్రచురించారు. 1994లో బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం ఫిన్లాండ్‌లోని కిల్పిస్‌యార్విలో అలాంటిదే పెట్టింది. అది 90 కిలోమీటర్ల ఎత్తులో సుమారు 240 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఆకాశపు ముక్కను సెకను సెకనుకూ చిత్రిస్తుంది. మబ్బు పట్టినా, పట్టపగలైనా దానికి ఒకటే.

మన అంటార్కిటికా స్థావరం మైత్రిలోనూ భారతీయ భూఅయస్కాంత సంస్థ 38.2 మెగాహెర్ట్జ్ ఇమేజింగ్ రియోమీటర్ నడిపింది. మైత్రి ఉన్న చోటు ప్రత్యేకమైనది. మామూలు రోజుల్లో ధ్రువకాంతి వలయం దానికి దక్షిణంగా ఉంటుంది. అయస్కాంత తుఫాను రేగితే వలయం విప్పారి నెత్తి మీదికి వస్తుంది. ఆ అంచు కదలికను పట్టుకోవడానికి అది మంచి కాపలా చోటు.

మిత్ర జాతీయ భౌతిక ప్రయోగశాలకు, ఆపైన సీఎస్ఐఆర్‌కు అధిపతి అయ్యాడు. 1989లో పద్మభూషణ్ అందుకున్నాడు. 2007 సెప్టెంబరు 3న ఢిల్లీలోనే కన్నుమూశాడు. ధ్రువకాంతుల పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం: రియోమీటర్ కథను 1959 అలాస్కా నుంచి మొదలుపెట్టకండి. ఆరేళ్లు వెనక్కి వెళ్లి, 1953 వ్యాసం మీద మొదటి పేరు ఎవరిదో పిల్లలకు చెప్పండి.