గుర్రం గుండెకు చెవి ఒగ్గిన పట్టీ

ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే చర్చి మతగురువు ఒక ఆడగుర్రాన్ని పడుకోబెట్టి కట్టించి, దాని తొడ ధమనిలోకి ఇత్తడి గొట్టం దించి, దానికి పొడవాటి గాజు గొట్టం తగిలించాడు. రక్తం 8 అడుగులకు పైగా ఎగబాకి, గుండె కొట్టుకున్నప్పుడల్లా పైకీ కిందికీ ఆడింది. 1733లో ఆ వివరాలు అచ్చయ్యాయి. రక్తపోటును నేరుగా కొలవడం అలా మొదలైంది. కానీ అక్కడ కొలిచింది నొప్పితో, భయంతో అల్లాడుతున్న జంతువు గుండెను. గుర్రం నెమ్మదిగా ఉందో, బెదిరి ఉందో తెలియాలంటే ముందు ఆ సాధనం దాన్ని బెదరగొట్టకూడదు. అలాంటిది రావడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది.

20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఐంతోవెన్ అనే డచ్ శాస్త్రవేత్త గుండె విద్యుత్తును గీతగా గీసే యంత్రం తయారుచేశాడు. దాని బరువు సుమారు 270 కిలోలు. అమెరికాలో నార్మన్ హోల్టర్ 1940ల చివర్లో వీపున మోసే యంత్రం చేశాడు. అదీ 38 కిలోలు తూగేది! చివరికి ఫిన్లాండ్ ఆచార్యుడు సెప్పో సైనాయాకంగాస్ 1977లో స్థాపించిన పోలార్ కంపెనీ, 1982లో ఛాతీ పట్టీ నుంచి చేతి గడియారానికి తీగ లేకుండా సంకేతం పంపే సాధనాన్ని అమ్మకానికి తెచ్చింది. క్రీడాకారుల కోసం పుట్టిన ఆ పట్టీ తర్వాత గుర్రాలకూ వచ్చింది. వెంట్రుకలు బాగా తడిపి, ఒక ఎలక్ట్రోడు జీను కింద, ఇంకొకటి ముందుకాలి వెనుక ఛాతీ దగ్గర అమరుస్తారు. కోత లేదు, సూది లేదు.

అంకె దొరికినంత మాత్రాన అర్థం దొరకదు. ఊరికే నిలబడిన గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. దౌడు తీస్తే 200 దాటుతుంది. పెరిగింది పరుగు వల్లా, బెదురు వల్లా? అందుకే పరిశోధకులు ఒక్కో స్పందనకూ తర్వాతి దానికీ మధ్య విరామాన్ని మిల్లీసెకన్లలో చూస్తారు. నెమ్మదిగా ఉన్నప్పుడు, గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నాడి పట్టు వల్ల ఆ విరామాలు హెచ్చుతగ్గులుగా ఉంటాయి. ఒత్తిడిలో ఆ పట్టు సడలి, ఒకే తీరుగా మారతాయి. ఇక్కడే ఒక చిక్కుంది. ఆరోగ్యంగా, ప్రశాంతంగా ఉన్న గుర్రం గుండె అప్పుడప్పుడు ఒక స్పందనను వదిలేస్తుంది. మనిషి గుండెను దృష్టిలో పెట్టుకుని రాసిన సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పుగా లెక్కగట్టి దిద్దేయవచ్చు. కాబట్టి అసలు గీతను కంటితో చూడక తప్పదు.

ఈ పట్టీ చేసిన గొప్ప మేలు 2009లో వెలువడిన ఒక స్వీడన్ పరిశోధనలో కనిపిస్తుంది. లిండా కీలింగ్ బృందం కొందరి చేత గుర్రాలను ఒక చోటి నుంచి మరో చోటికి నాలుగుసార్లు నడిపించింది. ఇంకొందరు గుర్రమెక్కి అదే దారిన వెళ్లారు. నాలుగోసారికి ముందు, దారిలో గుర్రం పక్కన గొడుగు తెరుస్తామని మనుషులకు చెప్పారు. గొడుగు తెరవలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, గుర్రానిదీ పెరిగింది. ఆ గుర్రం భయపడడానికి దారిలో కొత్తగా ఏమీ లేదు, పక్కనున్న మనిషి కంగారు తప్ప. గుర్రం ఒత్తిడి కొలిచే ప్రతిచోటా పగ్గం పట్టినవారికీ ఒక పట్టీ కట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.