కాన్పుతో తీరని పోటు

గుర్రపువాతమను మాట మన పల్లెలలో వృద్ధస్త్రీల నోట నేటికిని వినబడుచుండును. నిండు చూలాలికి తల పగులునట్లు నొప్పి పుట్టి, కన్నులకు చీకట్లు క్రమ్మి, కాలుసేతులు కొట్టుకొని స్పృహ తప్పుట దాని లక్షణము. పాశ్చాత్యవైద్యులు దీనికి ఎక్లాంప్సియా యని పేరిడిరి. గ్రీకుభాషలో దాని మూలపదమునకు తటాలున మెరయుట యని యర్థము. భాషోపాధ్యాయుడనగుటచే ఈ పేర్లకడ నొక నిమిషము నిలిచితిని గాని, చెప్పదలచినది వేరు. ఆ మెరుపు వెలసిన పిమ్మట తల్లి గుండె యేమగుచున్నదను ప్రశ్నను వైద్యశాస్త్రము మిక్కిలి యాలస్యముగా వేసికొన్నది.

1843లో లండను గైస్ ఆసుపత్రియందు జాన్ లీవర్ అను వైద్యుడు ఇట్టి గర్భిణుల మూత్రమును పరీక్షించి, అందు ఆల్బుమిన్ అను మాంసకృత్తు పోవుచున్నదని కనుగొనెను. రక్తపుపోటును చేతిపట్టీతో కొలుచుట అప్పటికి లేదు. ఇటలీదేశీయుడు రీవా రోచీ 1896లో ఆ పట్టీని, రష్యాదేశీయుడు కొరొత్కోవ్ 1905లో నాడీధ్వనిని విని పై పోటును, క్రింది పోటును తెలిసికొను విధానమును లోకమునకిచ్చిరి. ఇరువది వారములు దాటిన గర్భిణికి పోటు 140/90కి చేరి, దానితోపాటు మూత్రమున మాంసకృత్తులు పోవుటయో, కాలేయము, మూత్రపిండములు మున్నగునవి దెబ్బతినుటయో కనబడినచో దానిని ప్రీ ఎక్లాంప్సియా యందురు. మెగ్నీషియం సల్ఫేటును, అనగా మన పెద్దలు విరేచనమునకు త్రాగిన భేదియుప్పునే, సూదిమందుగా నిచ్చినచో మూర్ఛలు సగమునకు పైగా తగ్గునని 33 దేశములలో పదివేలకు మించిన స్త్రీలపై జరిగి 2002లో వెలువడిన మాగ్‌పై పరీక్ష తేల్చినది. అయినను అసలు మందు కాన్పే. మావి వెలువడినచో రోగము కూడ వెడలిపోవునని చిరకాలము అందరును నమ్మిరి.

గుండె ఆ నమ్మకమును సమర్థింపలేదు. గర్భిణి శరీరమున రక్తము ఇంచుమించు సగము పాలు పెరుగును. గుండె పంపు రక్తము నూటికి ముప్పది మొదలు ఏబది వంతుల వరకు హెచ్చును. ఇంత వరద వచ్చినను నడిమి నెలలలో పోటు పెరుగకపోగా కొంత తగ్గును. ఏలయన ధమనులు వదులై దారి యిచ్చును. ఈ రోగమున ఆ దారి బిగిసికొనును. బిగిసిన దారిలోనికి రక్తమును నెట్టి నెట్టి గుండె యెడమగది గోడ దళసరియగును; రెండు స్పందనల నడుమ వదులై నిండుటలో వెనుకబడును. లండను సెంట్ జార్జి ఆసుపత్రివారు 2011లో ప్రకటించిన పరిశోధనలో, నెలలు నిండకముందే ఈ రోగము వచ్చిన స్త్రీలకు కాన్పైన యేడాదికి ఎకో పరీక్ష చేయగా, సగముమందికి పైగా ఎడమగదిలో లోపము మిగిలియుండెను. వారికి ఆయాసము లేదు, నొప్పి లేదు. తాము రోగులమని వారెరుగరు!

2007లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో ముప్పదిలక్షలకు పైబడిన స్త్రీల వివరములను క్రోడీకరించిన వ్యాసమొకటి వెలువడెను. ఈ రోగము వచ్చినవారికి తరువాతి జీవితమున అధికరక్తపుపోటు ఇంచుమించు నాలుగింతలు, గుండెజబ్బు రెండింతలు హెచ్చుగా వచ్చునని దాని సారాంశము. రోగమే గుండెను గాయపరచుచున్నదా, లేక ముందే యున్న బలహీనతను గర్భభారము బయటపెట్టుచున్నదా యను వాదము పండితులలో నడచుచున్నది. నాకు రెండింటను కొంత సత్యము కలదనియే తోచుచున్నది.

వాదమెట్లున్నను, చేయదగిన పని యొకటి ఆక్స్‌ఫర్డువారు 2023లో చూపిరి. కాన్పైన 220 మంది స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టువారిచే ఇంటివద్దనే దినదినము పోటు కొలిపించి, ఆ లెక్కలను దూరమునుండి చూచుచు వైద్యులు మందుల మోతాదు మార్చిరి. ఇంచుమించు తొమ్మిది నెలలకు వారి క్రింది పోటు రెండవ జట్టువారి కంటె దాదాపు 6 మిల్లీమీటర్లు తక్కువగా నుండెను. ఒక చేతిపట్టీ, ఒక ఫోను, అడుగువా డొకడు. ఇంతే!

మనయింట ఆ అడుగువాడే లేడు. తొలికాన్పు పుట్టినింట జరుగును. బాలింత అయిదవ నెలనో ఏడవ నెలనో బిడ్డతో అత్తవారింటికి పోవును. ఆసుపత్రి కాగితములు పుట్టినింటనే యుండిపోవును. మా అక్కయ్యకు 1991లో ఇట్లే జరిగినది. ఎనిమిదవ నెలలో పోటు హెచ్చి, భయపడి, బ్రతికి బయటపడినది. పిల్లకు బారసాల ఘనముగా చేసితిమి. తల్లి పోటును మరల కొలిపింపవలెనని నాతో సహా ఎవ్వరికిని తోచలేదు.

2016లో ఆమె మెట్లెక్కుచు ఆయాసపడి అత్తవారి ఊరి వైద్యునికి చూపించుకొన్నది. "కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చిందామ్మా?" అని ఆయన అడిగెనట. "అప్పుడేదో వచ్చిందండీ, కాన్పుతో పోయింది" అన్నదట. ఆ సాయంకాలము నాకు ఫోను చేసి, "ఒరేయ్ తమ్ముడూ, అమ్మ ట్రంకుపెట్టెలో ఆ కాగితాలున్నాయేమో చూడరా" అన్నది. పట్టుచీర మడతల నడుమ పసుపురంగు తిరిగిన చీటీ దొరకినది. 170/110. ఆ అంకెను వైద్యుడు ఆమె క్రొత్తచీటీ మొదటి పంక్తిలో వ్రాసికొనెను.