పనిపిల్ల మంత్రిగారైన వైనం



ఈ పూట మీకొక మంత్రిగారి సంగతి చెప్తాను. మంత్రులంటే మాకేం కొత్త, రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాం కదా అంటారేమో. ఈవిడ మన దేశం మనిషి కాదు. దక్షిణ అమెరికా ఖండంలో సగం మేర ఉన్న బ్రెజిల్ దేశస్థురాలు. పేరు బెనెదీతా ద సిల్వా. చిన్నతనంలో ఇళ్ళల్లో పాచిపని చేసింది. పెద్దయ్యాక నగరసభలో, పార్లమెంటులో, సెనేటులో కూర్చుంది. ఒక రాష్ట్రానికి గవర్నరైంది, కేంద్రంలో మంత్రి అయింది. ఇవన్నీ అయ్యాక, 70వ ఏట, ఇళ్ళల్లో పనిచేసుకునే వాళ్ళ కోసం దేశ రాజ్యాంగాన్నే సవరించే పనిలో ముందు నిలబడింది. పదవులు చాలామందికి వస్తాయి. నన్ను అడిగితే ఆవిడ సంగతుల్లో ఈ చివరిదే మనం కూర్చుని వినాల్సింది. ఎందుకంటే అది మీ వంటింటికీ నా వంటింటికీ సంబంధించిన విషయం.

బెనెదీతా 1942లో రియో డి జెనీరో నగరంలో పుట్టింది. తండ్రి కూలీ. తల్లి నాలుగిళ్ళ బట్టలు ఉతికేది. ఇంటినిండా పిల్లలు. వాళ్ళుండేది షపేవ్ మంగేరా అనే కొండ మీది పేట. మంగేరా అంటే వాళ్ళ పోర్చుగీసు భాషలో మామిడిచెట్టు. పేరు బాగానే ఉంది గానీ, బతుకు మాత్రం రేకులు, చెక్కపలకలు కట్టుకున్న గుడిసెల్లో. ఇలాంటి పేటల్ని అక్కడ ఫవేలాలంటారు. కొండ దిగితే కోపకబానా సముద్రతీరం, పెద్ద పెద్ద మేడలు. పైనున్న వాళ్ళు కింద మేడల్లో పనిచేస్తారు, చీకటి పడ్డాక మళ్ళీ కొండెక్కుతారు.

తల్లి ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల మూటలు ఇళ్ళకు చేరవేయడం చిన్న బెనెదీతా పని. ఆ ఇళ్ళల్లో కుబిచెక్ గారిల్లు కూడా ఉండేదని ఆవిడే చెప్పుకున్నారు. ఆ కుబిచెక్ గారు తర్వాత బ్రెజిల్ అధ్యక్షుడై, అడవిలాంటి చోట బ్రసీలియా అనే కొత్త రాజధాని కట్టించారు. 1960లో దాన్ని ప్రారంభించారు. ఆయన బట్టల మూట మోసిన పిల్ల ఆయన కట్టించిన ఊళ్ళో పార్లమెంటు సభ్యురాలిగా అడుగుపెట్టడానికి ఇంకా పాతికేళ్ళు పైనే పట్టింది.

ఈ మధ్యలో ఆవిడ చేయని పని లేదు. వీధుల్లో సరుకులమ్మింది, ఇళ్ళల్లో పనిచేసింది, బడిలో ఆయాగా ఉంది, ఆస్పత్రిలో నర్సులకు సాయంగా ఉంది. పేటలో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పింది, అక్కడి నివాసుల సంఘంలో తిరిగింది. నీళ్ళు, కరెంటు, బడి, వీటి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ రాజకీయం నేర్చుకుంది. నలభయ్యో పడిలో, కూతురు కాలేజీలో చేరే వేళకు, తానూ చేరి సాంఘిక సేవలో పట్టా పుచ్చుకుంది. మెట్రిక్కుతో పుస్తకాలు కట్టిపెట్టేసిన నాలాంటి వాళ్ళకు ఈ ముక్క దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. సరే, ముందుకు పోదాం.

ఇప్పుడు బ్రెజిల్లో ఇంటిపని సంగతి కాస్త చెప్పాలి. అది తెలియకపోతే ఈవిడ కథ సగమే తెలిసినట్టు. అమెరికా ఖండాల్లో బానిసత్వాన్ని అందరికంటే ఆఖరున రద్దు చేసిన దేశం బ్రెజిల్. 1888 మే 13న. ఆఫ్రికా నుంచి తెచ్చిన వాళ్ళ సంతతి ఆ రోజు స్వతంత్రులయ్యారు గానీ, భూమి లేదు, డబ్బు లేదు. ఆడవాళ్ళలో చాలామంది నిన్నటి యజమానుల వంటిళ్ళకే జీతానికి వెళ్ళారు. ఒక్కోచోట ఆ జీతమూ లేదు, తిండీ బట్టా అంతే.

పట్నాల్లో కట్టిన పాత అపార్టుమెంట్ల పటం చూస్తే చాలు, అంతా అర్థమైపోతుంది. వంటిల్లు, దాని వెనక బట్టలుతికే చోటు, ఆ వెనక మంచం పట్టేంత ఒక గది, చిన్న స్నానాల గది. అది పనిమనిషి గది. చాలావాటికి సరైన కిటికీ కూడా ఉండదు. ఆవిడ ఎక్కడానికి వేరే లిఫ్టు, రావడానికి వేరే వాకిలి. వారమంతా అక్కడే, ఆదివారం సెలవిస్తే ఇంటికి. ఇంత చేసి ఆ ఇల్లాలు అనే మాటేమిటంటే, "మా పనమ్మాయి మా ఇంట్లో మనిషి లాంటిదే!" మనమూ అంటూనే ఉంటాం కదూ? ప్రేమతోనే అంటాం. కానీ ఇంట్లో మనిషికి పనిగంటలుండవు, రాత్రి పదకొండింటికి చుట్టాలొస్తే లేచి కాఫీ పెట్టాలి, జబ్బు చేస్తే మన దయ. ఆ ఒక్క మాటతో లెక్కలన్నీ చెరిగిపోతాయి. బ్రెజిల్ ఇంటిపనివాళ్ళ సంఘాలు ఏళ్ళ తరబడి వద్దన్నది ఈ మాటనే. అలాంటి సంఘాల్లో మొదటిదాన్ని 1936లో సాంతోస్ పట్టణంలో లౌదెలీనా ద కాంపోస్ మెలో అనే ఆవిడ పెట్టారు. ఆవిడా ఇళ్ళల్లో పనిచేసిన మనిషే.

చట్టం ఏం చేసిందంటారా? 1943లో బ్రెజిల్ కార్మిక చట్టాలన్నీ ఒకచోట కూర్చారు. అందులో ఇంటిపనివాళ్ళకు ఇవి వర్తించవని రాసేశారు! 1972లో ఒక చట్టం వచ్చి సెలవులూ, సాంఘిక భద్రతా కొంత ఇచ్చింది. అంతే.

బెనెదీతా 1982లో రియో నగరసభకు నిలబడింది. అప్పటికి దేశం ఇంకా మిలిటరీ పాలనలోనే ఉంది. లూలా గారి వర్కర్స్ పార్టీ పుట్టి రెండేళ్ళయింది. లూలా గారి ఇంటిపేరూ ద సిల్వాయే గానీ చుట్టరికమేమీ లేదు, మనలో రావులూ రెడ్లూ ఉన్నట్టు అక్కడ సిల్వాలు. ఆవిడ ఎన్నికల నినాదం ఏమిటో తెలుసా? ఆడదాన్ని, నల్లదాన్ని, ఫవేలా దాన్ని అని. ఏ మూడింటి వల్ల నలుగురూ చిన్నచూపు చూశారో ఆ మూడూ గోడల మీద రాయించుకుని గెలిచింది.

1986లో పార్లమెంటుకు. ఆ పార్లమెంటే కొత్త రాజ్యాంగం రాసింది. 559 మంది సభ్యుల్లో ఆడవాళ్ళు 26 మంది. వీళ్ళను లిప్‌స్టిక్ బృందమని వేళాకోళం చేశారు. వాళ్ళు మాత్రం పార్టీలు పక్కన పెట్టి, ఆడవాళ్ళకు కావలసిన అంశాలు చాలావరకు రాయించారు. జైల్లో ఉన్న తల్లి తన పసిబిడ్డకు పాలిచ్చుకోగలిగే ఏర్పాటు ఉండాలన్న మాట బ్రెజిల్ రాజ్యాంగంలో ఉంది. దానికోసం పట్టుబట్టిన వాళ్ళలో బెనెదీతా ఒకరు.

కానీ ఇంటిపనివాళ్ళ దగ్గరికొచ్చేసరికి పట్టు సగమే చిక్కింది. 1988 అక్టోబరు 5న వచ్చిన రాజ్యాంగం ఏడో అధికరణంలో పనివాళ్ళ హక్కులు 34 ఉన్నాయి. ఆ చివర ఒక చిన్న పేరా. ఇంటిపనివాళ్ళకు వీటిలో 9 మాత్రమే అని. కనీస వేతనం, జీతం తగ్గించకుండా ఉండటం, డిసెంబర్లో పదమూడో నెల జీతం, వారానికో సెలవు, ఏడాదికోసారి జీతంతో సెలవులు, 120 రోజుల ప్రసూతి సెలవు, ఇలాంటివి. మనం పండక్కి చీర పెడతామే, అక్కడ పదమూడో జీతం చట్టప్రకారం బాకీ. అదీ చిన్న విషయం కాదు లెండి. కానీ రోజుకు ఎన్ని గంటలు పని అన్నది ఆ తొమ్మిదిలో లేదు. ఎక్కువసేపు చేయించుకుంటే ఎక్కువ ఇవ్వాలన్నదీ లేదు. బానిసత్వం రద్దయి సరిగ్గా నూరేళ్ళయిన సంవత్సరంలో రాసిన రాజ్యాంగం అది.

ఆ తర్వాత ఆవిడ పదవులు గబగబా చెప్పేస్తాను. 1992లో రియో మేయరుగా నిలబడి ఓడిపోయింది. 1994లో సెనేటుకు గెలిచింది. బ్రెజిల్ సెనేటుకు ఎన్నికల్లో గెలిచి వచ్చిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. 1998లో రియో రాష్ట్రానికి ఉపగవర్నరు. 2002 ఏప్రిల్లో గవర్నరు రాజీనామా చేస్తే ఆ కుర్చీ తొమ్మిది నెలలు ఈవిడది. అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి. ఆ ఏటి ఎన్నికల్లో ఓడిపోయింది. 2003 జనవరిలో లూలా గారు అధ్యక్షుడై ఈవిడకు సాంఘిక సంక్షేమ శాఖ ఇచ్చారు. మంత్రిగా ఉన్నది ఏడాదే. ఆ ఏడాదిలో ఒక మచ్చా పడింది. బ్యూనస్ ఐరిస్‌లో ఒక ప్రార్థన సభకు ప్రభుత్వ ఖర్చుతో వెళ్ళారని గొడవైంది, డబ్బు తిరిగి కట్టారు. 2004 జనవరిలో శాఖలు కలిపేసినప్పుడు పదవి పోయింది. పేదింటి నుంచి వచ్చిన మనిషి కదా అని ఆ లెక్క వదిలేయమని నేననను. ప్రజల సొమ్ము ఎవరికైనా ప్రజల సొమ్మే.

అసలు పని 2010 తర్వాత. ఆ ఏడు మళ్ళీ పార్లమెంటుకు గెలిచింది. 1988 నాటి ఆ చిన్న పేరాను మార్చాలని ఒక సభ్యుడు సవరణ ప్రతిపాదించి ఉన్నారు. దాన్ని పరిశీలించిన సంఘంలో నివేదిక రాసే బాధ్యత బెనెదీతాకు వచ్చింది. 2012 చివర్లో దిగువసభ ఒప్పుకుంది, 2013 మార్చిలో సెనేటు ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ఒప్పుకుంది. ఏప్రిల్ 2న రాజ్యాంగానికి 72వ సవరణ వెలువడింది. రోజుకు 8 గంటలు, వారానికి 44 గంటలు. ఆపైన చేస్తే గంటకు కనీసం సగం అదనం.

అప్పుడు చూడాలి గోల! పేపర్లలో ఇల్లాళ్ళ మొర. మేమూ ఉద్యోగాలు చేసుకుంటున్నాం, మాకొచ్చే జీతంలో ఇంత ఎక్కణ్ణుంచి తెచ్చివ్వం, మానిపించేస్తాం, అప్పుడు నష్టపోయేది వాళ్ళేగా అని. ఈ మాటలో నిజం లేకపోలేదు. ఉదయం ఏడింటికి ఇల్లు వదిలి రాత్రి ఏడింటికి వచ్చే ఆడమనిషికి, ఆ పన్నెండు గంటలూ పిల్లాణ్ణి చూసే మనిషి కావాలి. ఎనిమిది గంటలంటే మిగతా నాలుగు గంటలు ఎవరు? నాకు వింతగా తోచిందేమంటే, తగాదా అంతా ఇద్దరాడవాళ్ళ మధ్యే నడిచింది. ఇంట్లో మూడో మనిషి, అయ్యగారు, పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. ఆయన సాయంత్రం గిన్నెలు కడిగితే గంట మిగులుతుందని లెక్క వేసిన వాళ్ళు తక్కువ.

వివరాలన్నీ 2015 జూన్ 1 నాటి చట్టంలో వచ్చాయి. వారానికి రెండు రోజులకు మించి ఒకే ఇంట్లో చేసే మనిషి ఉద్యోగి కిందే లెక్క. 18 ఏళ్ళ లోపు పిల్లల్ని పెట్టుకోకూడదు. వచ్చిన వేళ, వెళ్ళిన వేళ రాసిపెట్టాలి. రాత్రి పది నుంచి ఉదయం ఐదు వరకూ చేస్తే 20 శాతం ఎక్కువ. ఇంట్లో తిన్న అన్నానికి, పడుకున్న గదికి జీతంలో కోయకూడదన్నది 2006 నుంచే ఉంది. ఇక యజమానురాలు నెలనెలా జీతం మీద మరో 20 శాతం కట్టాలి. సాంఘిక భద్రతకు 8, మన పి.ఎఫ్. లాంటి నిధికి 8, పనిలోంచి తీసేస్తే ఇచ్చే పరిహారానికి 3.2, ప్రమాద బీమాకు 0.8. కూడితే సరిగ్గా 20. ఇన్ని చోట్లకు ఎవరు తిరుగుతారు అంటారని, అన్నీ కలిపి ఒకే చీటీ మీద కట్టేలా 2015 అక్టోబరులో ఏర్పాటు చేశారు. ఈ ఒకే చీటీ ఆలోచన నాకు భలే నచ్చింది. చట్టం ఎంత మంచిదైనా, కట్టే విధానం చిక్కుగా ఉంటే మనవాళ్ళయినా వాళ్ళయినా ఎగ్గొట్టే దారే చూస్తారు.

అందరూ కడుతున్నారా? లేదు. అక్కడ ఇంటిపనివాళ్ళు దాదాపు 60 లక్షలు, పదిమందిలో తొమ్మండుగురికి పైగా ఆడవాళ్ళు, ఎక్కువమంది నల్లవాళ్ళు. పేరు నమోదై, అన్నీ అందుతున్న వాళ్ళు అందులో సగం కంటే చాలా తక్కువ. కొందరు ఇల్లాళ్ళు తెలివిగా వారానికి రెండు రోజులే పిలుస్తున్నారు. మూడో రోజు పిలిస్తే చట్టం వచ్చి కూర్చుంటుంది కదా! అలాంటి రోజువారీ పనివాళ్ళు పెరిగారు. మరోవైపు, కిటికీలేని ఆ గదుల్లో రాత్రింబగళ్ళు ఉండే వాళ్ళు బాగా తగ్గారు. పాత అపార్టుమెంట్లలో ఆ గది ఇప్పుడు సామాన్ల గదో, కంప్యూటరు గదో అయింది.

మన సంగతి అడుగుతారని తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చారు. మీలో ఎంతమందికి తెలుసో చెప్పండి. ఇంటిపనివాళ్ళ గురించి 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒప్పందాన్ని బ్రెజిల్ 2018లో ఆమోదించింది. మన దేశం ఇంకా ఆమోదించలేదు.

బెనెదీతా ఊరుకోలేదు. పార్టీలకు ప్రభుత్వం ఇచ్చే ఎన్నికల డబ్బు, రేడియో టీవీల్లో ఇచ్చే సమయం నల్లజాతి అభ్యర్థులకు వాళ్ళ సంఖ్యను బట్టి పంచాలా వద్దా అని ఎన్నికల న్యాయస్థానాన్ని ప్రశ్న వేశారు. పంచాల్సిందేనని 2020 ఆగస్టులో జవాబొచ్చింది. 2022 ఎన్నికల్లో, 80వ ఏట, పార్లమెంటుకు మళ్ళీ గెలిచారు. మరుసటేడు సభలోని మహిళా సభ్యులందరూ కలిసి తమ బృందానికి ఆవిడనే సమన్వయకర్తగా ఎన్నుకున్నారు. లిప్‌స్టిక్ బృందమని నవ్విన రోజుల్లో 26 మంది. ఇప్పుడు దిగువసభలోనే 90 మంది దాటారు.