రాత్రి కరిగే రాయి

పిల్లలూ! తాంబూలంలో వేసుకునే సున్నం మీ అందరికీ తెలిసినదే. శనగగింజంత సున్నాన్ని గ్లాసెడు వాననీటిలో గానీ, స్వేదనజలంలో గానీ కలిపి, మూతపెట్టి ఒక పూట కదపకుండా ఉంచండి. మడ్డి అడుగుకు చేరి పైన తేట నిలుస్తుంది. ఇదే సున్నపు తేట. దీన్ని వేరొక గ్లాసులోకి మెల్లగా వంచి, అంతే వాననీరు కలిపి, సన్నని గొట్టంతో అందులోకి ఊదండి. పెద్దవాళ్ళు దగ్గర ఉన్నప్పుడే చేయండి. తేటను నోట్లోకి పీల్చకూడదు, కళ్ళలో పడనీయకూడదు.

కాసేపటికి తేట పాలవలె తెల్లబడుతుంది. చాలామంది ప్రయోగాన్ని ఇక్కడితో ఆపేస్తారు. మీరు ఆపకండి. ఆగి ఆగి అయినా సరే, ఊదుతూనే ఉండండి. ఆ తెల్లదనం తగ్గిపోయి నీరు మళ్ళీ తేటపడుతుంది!

ఏం జరిగింది?

మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్ అయింది. సున్నపురాయి, పాలరాయి, ఆల్చిప్పలు, కోడిగుడ్డు పెంకు అన్నీ ఈ పదార్థమే. ఇది నీటిలో కరగదు, కనుక నీరు తెల్లబడింది. మరింత వాయువు చేరేసరికి నీరు కొద్దిగా పులిసింది. ఆ పులుపుకు కార్బొనేట్ బైకార్బొనేటుగా మారి కరిగిపోయింది. ఆ నీటిని కాచి చూడండి. వాయువు బయటికి పోతుంది, తెల్లని పొడి తిరిగి పుడుతుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లని పొర ఇలా వచ్చినదే. బొర్రా గుహలను తొలిచినదీ, వాటిలో రాతి స్తంభాలను నిలిపినదీ ఈ మార్పే.

పగడాల తొట్టెలో

సముద్రంలో పగడపు జీవులు నీటిలోని కాల్షియాన్ని, బైకార్బొనేటును తీసుకుని రాతి గూళ్ళు కట్టుకుంటాయి. సముద్రం పెద్దది కాబట్టి అక్కడ లోటు తెలియదు. కొందరు పగడాలను ఇంట్లో గాజుతొట్టెలో పెంచుతారు. అక్కడ లోటు త్వరలోనే తెలుస్తుంది. దాన్ని తీర్చడానికి వారు వాడే సాధనం పేరు కాల్షియం రియాక్టర్.

పేరు పెద్దదే గాని పని మీ గ్లాసులో జరిగినదే. ఒక నిలువు గొట్టం నిండా చచ్చిన పగడాల ముక్కలు పోస్తారు. తొట్టెలోని నీటిని అందులో తిప్పుతూ సిలిండరు నుండి బొగ్గుపులుసు వాయువును బుడగలు బుడగలుగా వదులుతారు. నీరు పులిసి రాయి కరుగుతుంది. ఆ నీరు చుక్కచుక్కగా తిరిగి తొట్టెలో పడుతుంది. తొట్టె నీటి పి.హెచ్. 8.1 దగ్గర ఉంటే గొట్టంలో 6.5 దగ్గర ఉంచుతారు. పి.హెచ్. తగ్గుతున్నకొద్దీ పులుపు పెరుగుతున్నదని గుర్తుంచుకోండి.

అయితే రాయి సరిగా కరుగుతున్నదో లేదో తెలిసేదెలా? కాల్షియాన్ని కొలిస్తే చాలదా? ఒక లెక్క వేద్దాం. లీటరు సముద్రపు నీటిలో సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నీటికి పులుపును తట్టుకునే శక్తిని క్షారత అంటారు. దాన్ని కాల్షియం కార్బొనేటు లెక్కన చెబితే లీటరుకు సుమారు 120 మిల్లీగ్రాములు. పగడాలు లీటరు నుండి 50 మిల్లీగ్రాముల రాయి కట్టాయనుకోండి. అందుకు ఖర్చయిన కాల్షియం 20. అంటే 410 కాస్తా 390 అయింది, తేడా నూటికి 5 పాళ్ళు. క్షారత మాత్రం 120 నుండి 70కి పడిపోయింది, అంటే నూటికి 40 పాళ్ళకు పైగా! ప్రమాదం ముందుగా కనిపించేది క్షారతలోనే. అందుకే తెలిసినవారు రోజూ ఒకే వేళకు క్షారతను కొలుస్తారు. అది తగ్గితే బుడగలను గానీ చుక్కలను గానీ కొంచెం పెంచి, రెండు మూడు రోజులు ఆగి, మళ్ళీ కొలుస్తారు. తొందరపడి ఒక్కసారిగా వాయువు పెంచితే గొట్టంలోని రాళ్ళు బురదగా మారతాయి, తొట్టె నీరు పులుస్తుంది.

మామిడితోటల దిగువన

నూజివీడు పిల్లలకు పగడాల తొట్టె కనబడకపోవచ్చు. కాని చిన్న రసాలు, బంగినపల్లి పండే ఆ మెరక నేలల నుండి కొల్లేటి వైపు, కైకలూరు దాకా వెళితే చాలు. అక్కడ రొయ్యల చెరువుల్లో ఈ రసాయనమే నడుస్తున్నది. 2022 నుండి నూజివీడు, కైకలూరు రెండూ ఏలూరు జిల్లాలోవే.

మామిడాకు పగలు ఎండలో బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. రాత్రి మామిడిచెట్టు మనలాగే ఆ వాయువును విడుస్తుంది. చెరువు నీటిని పచ్చగా ఉంచే, కంటికి ఆనని నాచుమొక్కలూ అంతే. కనుక చెరువులో పగటిపూట వాయువు తగ్గి పి.హెచ్. పెరుగుతుంది. రాత్రి నాచు, రొయ్యలు, అడుగు బురద అన్నీ ఊపిరి విడవడంతో వాయువు పెరిగి, తెల్లవారేసరికి పి.హెచ్. బాగా పడిపోతుంది. ఈ ఎగుడుదిగుడులను అదుపులో ఉంచేది క్షారతే. అందుకే రైతు పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం మరొకసారి నీటిని పరీక్షిస్తాడు. రెంటికీ తేడా అరకు మించితే జాగ్రత్త పడతాడు.

ఈ చెరువుల్లో ఎక్కువగా పెంచే వనామీ రొయ్య పసిఫిక్ తీరపు జీవి. మన దేశంలో దీని పెంపకానికి 2009లో అనుమతి వచ్చింది. పెరిగేటప్పుడు రొయ్య పాత పెంకును విడుస్తుంది. కొత్త పెంకు గట్టిపడడానికి కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగాన్ని నీటి నుండే తీసుకుంటుంది. ఉప్పు తక్కువైన నీటిలో అది దొరకకపోతే పెంకు మెత్తగానే ఉండిపోతుంది. మెత్తని రొయ్యను తోటి రొయ్యలే తినేస్తాయి. రైతు పెట్టుబడి అంతా ఆ పెంకు మీద ఆధారపడి ఉన్నదన్నమాట.

ఏ సున్నం వేయాలి?

కాల్చిన సున్నం వేస్తే పి.హెచ్. ఒక్కసారిగా ఎగబాకుతుంది. పి.హెచ్. పెరిగితే నీటిలోని అమ్మోనియా మరింత విషమవుతుంది. కనుక రొయ్యలున్న చెరువులో దానితో చెలగాటం పనికిరాదు. కాల్చని సున్నపురాయి పొడి నెమ్మదైనది. పి.హెచ్.ను 8.3కు మించి పెంచలేదు. అయితే నీటిలో బొగ్గుపులుసు వాయువు ఉంటేనే అది బాగా కరుగుతుంది. ఆ వాయువు మెండుగా ఉండేది రాత్రిపూట. సిలిండరు లేదు, గొట్టం లేదు. రాత్రి అయ్యేసరికి చెరువే పెద్ద రియాక్టరవుతుంది! మధ్యాహ్నం నాచు ఆ వాయువును లాగేసుకుంటే కరిగిన సున్నంలో కొంత తిరిగి పొడిగా రాలిపోవచ్చు. కనుక ఒకసారి వేసి ఊరుకుంటే చాలదు. కొలవాలి, కొంచెం వేయాలి, ఆగాలి, మళ్ళీ కొలవాలి.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఒకే చెరువు నీటిని తెల్లవారుజామున ఒక సీసాలోను, మధ్యాహ్నం రెండు గంటలకు మరొక సీసాలోను పట్టారు. చీటీలు అంటించడం మరిచారు. ఏది ఏ వేళ నీరో వెంటనే కనిపెట్టడం ఎలా? ఆలోచించి మీ సైన్సు మాస్టారికి చెప్పండి.