వ్యాగనా, ఎస్‌యూవీనా? వోల్వో వి90 క్రాస్ కంట్రీ, ఆడి క్యూ7లో మన రోడ్డుకి ఏది నయం?

ఈ ఎపిసోడ్‌లో రెండు బండ్లు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి వోల్వో వి90 క్రాస్ కంట్రీ, రెండోది ఆడి క్యూ7. రెండూ లగ్జరీ బండ్లే, రెండూ నాలుగు చక్రాలకీ పవర్ పంపేవే. కాకపోతే మొదటిది వ్యాగన్, రెండోది ఎస్‌యూవీ.

"అన్నా, నూజెండ్లలో ఉండి అరవై డెబ్బై లక్షల బండ్ల సంగతి మనకెందుకు?" అని మీకు అనిపించొచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఇవి పాతబడ్డాయి. సెకండ్ హ్యాండ్‌లో కొత్త ధరలో సగం కన్నా తక్కువకే దొరుకుతున్నాయి కాబట్టి హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన వాళ్లు కూడా వీటి మీద కన్నేస్తున్నారు. రెండోదే అసలు కారణం. ఇంట్లో కారు కొనాలంటే నాన్నయినా, బాబాయైనా ముందు అడిగేది ఫోన్ చేతిలో ఉన్న మిమ్మల్నే. మీరు చెప్పిన మాట మీద డబ్బులు కట్టేస్తారు, ఆ బండిలో ఇంటిల్లిపాదీ పదేళ్లు తిరుగుతారు. అందుకని ఈ లెక్క మీకు తెలిసి ఉండాలి.

ముందు వ్యాగన్ అంటే ఏంటో చూద్దాం. మామూలు సెడాన్ కారుకి వెనక డిక్కీ విడిగా ఉంటది కదా. పైకప్పుని ఆ డిక్కీ చివరిదాకా సాగదీస్తే వ్యాగన్ అవుతుంది. దాన్నే నేల నుంచి కాస్త పైకి లేపి, చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్ అంచు వేసి, నాలుగు చక్రాలకీ డ్రైవ్ ఇస్తే క్రాస్ఓవర్ వ్యాగన్. సుబారు అవుట్‌బ్యాక్, వోల్వో వి70 ఎక్స్‌సీ, ఆడి ఆల్‌రోడ్ లాంటివి 1990లలోనే ఈ దారి వేశాయి.

మన దేశంలో మాత్రం వ్యాగన్ ఎప్పుడూ నిలదొక్కుకోలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, తర్వాత మారుతి బాలెనో ఆల్టురా వచ్చింది. రెండూ పెద్దగా అమ్ముడుపోకుండానే వెళ్లిపోయాయి. పొడుగ్గా, వెనక పెట్టెలాగా ఉంటే మన వాళ్ల కంటికి అది సామాన్ల బండి. అయినా 2017 జులైలో వోల్వో ధైర్యం చేసి వి90 క్రాస్ కంట్రీని 60 లక్షల ఎక్స్ షోరూమ్ ధరకి దింపింది. మెర్సిడెస్ కూడా 2018 సెప్టెంబర్‌లో 75 లక్షలకి ఇ-క్లాస్ ఆల్-టెర్రైన్ తెచ్చింది. ఆడి క్యూ7 అప్పటికే మార్కెట్‌లో ఉంది. రెండో తరం క్యూ7 మన దగ్గర 2015 డిసెంబర్‌లో 72 లక్షలతో మొదలైంది.

ఇప్పుడు లెక్కలు. వి90 క్రాస్ కంట్రీలో 2 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, 235 హార్స్ పవర్, 480 న్యూటన్ మీటర్ల టార్క్. క్యూ7 డీజిల్‌లో 3 లీటర్ల వి6, 249 హార్స్ పవర్, 600 టార్క్. లాగుడులో ఆడిదే పైచేయి, అందులో డౌట్ లేదు. వోల్వోలో ఐదుగురు కూర్చుంటారు, క్యూ7లో ఏడుగురు. పొడవు వోల్వోకి 4.94 మీటర్లు, ఆడికి 5.05 మీటర్లు. అంటే పొడవులో పెద్ద తేడా లేదు.

తేడా అంతా ఎత్తులో ఉంది. ఇక్కడే మన వాళ్లు పొరపడతారు. బండికి రెండు ఎత్తులుంటాయి. ఒకటి పొట్ట కింద ఎత్తు, అంటే గ్రౌండ్ క్లియరెన్స్. రెండోది మొత్తం బండి ఎత్తు. షోరూమ్‌లో ఎస్‌యూవీ పక్కన నిలబడితే మన కంటికి కనిపించేది రెండోది. గుంతల రోడ్డు మీద పనికొచ్చేది మొదటిది.

వి90 క్రాస్ కంట్రీ పొట్ట కింద ఎత్తు 210 మిల్లీమీటర్లు. అది చాలా ఎస్‌యూవీలతో సమానం. కానీ బండి మొత్తం ఎత్తు 1,543 మిల్లీమీటర్లే. క్యూ7 ఎత్తు 1,740. అంటే ఆడి దాదాపు ఒక జాన ఎక్కువ ఎత్తు. ఆ జానెడు ఎత్తు గుంతలో మీకు చేసే సాయం ఏమీ లేదు. అది లోపల తలల మీద ఖాళీ, కూర్చునే ఎత్తు, చూడ్డానికి దర్జా. అంతే.

మరి దానికి మనం కట్టే ధర ఏంటి? శివరాత్రికి కోటప్పకొండకి ప్రభలు పోయేటప్పుడు చూశారు కదా. 80, 90 అడుగుల ప్రభ కదులుతుంటే పక్కల నుంచి మోకులు పట్టుకుని మనుషులు నడుస్తారు. ఎందుకు? బరువు ఎంత పైన ఉంటే ఒరిగే గుణం అంత ఎక్కువ. కారుకీ ఇదే సూత్రం. అమెరికాలో రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఒక లెక్క వాడుతుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని తీసుకుని, బండి బరువు కేంద్రం ఎత్తుతో భాగిస్తారు. వచ్చిన అంకె ఎంత పెద్దదైతే బండి అంత తేలిగ్గా బోల్తా పడదు. బరువు కేంద్రం పైకి పోయే కొద్దీ ఆ అంకె తగ్గిపోతుంది.

స్వీడన్‌లో రోడ్డు మీదికి పెద్ద దుప్పులు వస్తాయి. దుప్పి ఎదురైతే స్టీరింగ్ టక్కున ఒక పక్కకి తిప్పి మళ్లీ సరిచేయాలి. దీన్నే మూస్ టెస్ట్ అంటారు. 1997లో అక్కడి ఒక పత్రిక ఈ టెస్ట్ చేస్తుంటే పొట్టిగా, ఎత్తుగా ఉన్న మెర్సిడెస్ ఏ-క్లాస్ బోల్తా పడింది. ఆ తర్వాత ఆ కంపెనీ ఆ కారు అన్నింటికీ ఈఎస్‌పీ పెట్టింది. జారుతున్న చక్రానికి కంప్యూటరే విడిగా బ్రేక్ వేసి బండిని దారిలో పెట్టే వ్యవస్థ అది. మన దగ్గర దుప్పి లేదు, బర్రె ఉంది. అనంతపురం నుంచి గుంటూరు పోయే ఎన్‌హెచ్ 544డి మన వినుకొండ, నరసరావుపేట మీదుగానే పోతుంది. సంక్రాంతికి రాత్రంతా డ్రైవ్ చేసుకుని తెల్లవారుజామున ఊరికి వచ్చే వాళ్లకి ఆ చీకట్లో నల్ల బర్రె అడ్డం వస్తే మూస్ టెస్ట్ అక్కడే జరుగుతుంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. క్యూ7 చెడ్డ బండి కాదు. యూరో ఎన్‌క్యాప్ క్రాష్ టెస్ట్‌లో 2015లో దానికి ఐదు స్టార్లు వచ్చాయి, వి90కి 2017లో ఐదు స్టార్లు వచ్చాయి. రెండింటిలోనూ స్టెబిలిటీ కంట్రోల్ ఉంది. చదునైన తారు రోడ్డు మీద ఈ రోజుల్లో మంచి ఎస్‌యూవీ ఊరికే పల్టీ కొట్టదు. ఎక్కువ బోల్తాలు ఎలా జరుగుతాయంటే, బండి తారు అంచు దిగి, చక్రం మట్టిలోనో కాలవ గట్టునో తట్టుకున్నప్పుడు. మన సింగిల్ రోడ్ల పక్కన ఆ అంచు ఎంత లోతు ఉంటుందో మీకు తెలుసు. అక్కడ తక్కువ ఎత్తు బండికి ఇంకొంచెం అవకాశం మిగులుతుంది.

స్పీడ్ బ్రేకర్ల సంగతి చూద్దాం. ఒక్క గ్రౌండ్ క్లియరెన్స్ అంకె చూసి సరిపెట్టుకోవద్దు. ముందు, వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువైతే నడుం భాగం బ్రేకర్‌కి తగిలే అవకాశం పెరుగుతుంది. వోల్వోకి ఆ దూరం 2,941 మిల్లీమీటర్లు, ఆడికి 2,994. రెండూ పొడుగే. పైగా కంపెనీ చెప్పే క్లియరెన్స్ సాధారణంగా ఖాళీ బండిది. ఐదుగురు ఎక్కి, వెనక బియ్యం బస్తా, మిరపకాయల సంచి వేస్తే ఆ అంకె తగ్గుతుంది. ఎయిర్ సస్పెన్షన్ పని అక్కడే. బరువుకి కుంగిన బండిని మళ్లీ పైకి లేపుతుంది. కానీ పాత బండిలో అదే పెద్ద ఖర్చు. రాత్రి ఆపిన బండి పొద్దున్నే ఒక పక్క కుంగి కనిపిస్తే గాలి లీకవుతున్నట్టు. కొనే ముందు ఇది తప్పకుండా చూడండి.

ఎత్తు ఎంత కావాలో తెలియాలంటే ఆల్-టెర్రైన్‌ని చూడండి. పేరులో టెర్రైన్ ఉంది, కానీ ఎయిర్ సస్పెన్షన్ పూర్తిగా లేపినా క్లియరెన్స్ 156 మిల్లీమీటర్లే. వోల్వోకి 210. పేరు చూసి కొనకూడదని చెప్పేది అందుకే. ప్రభుత్వం కూడా పేరు చూడదు, టేపు పెట్టి కొలుస్తుంది. 2017 సెప్టెంబర్ నుంచి పన్ను లెక్కలో పొడవు 4 మీటర్లు దాటి, ఇంజిన్ 1,500 సీసీ దాటి, క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లు ఆపైన ఉన్న ఎస్‌యూవీకి 28 శాతం జీఎస్టీ మీద 22 శాతం సెస్ పడేది. కొలతల వరకు చూస్తే వి90 క్రాస్ కంట్రీ ఈ మూడు గీతలూ దాటేసింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ సెస్ తీసేసి పెద్ద కార్లకి నేరుగా 40 శాతం పెట్టారు.

మరి ఎస్‌యూవీ ఎవరికి? ఇంట్లో ఏడుగురు ఉంటే వేరే మాటే లేదు, క్యూ7. కాకపోతే మూడో వరుస లేపితే వెనక సామానుకి 295 లీటర్ల చోటే మిగులుతుంది. వి90లో ఐదుగురు కూర్చున్నాక కూడా 560 లీటర్లు ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మకి నడుం ఎత్తులో ఉండే సీటు నిజంగా సుఖం. తక్కువ సీటులోకి దిగడం కన్నా, మళ్లీ లేవడమే వాళ్లకి కష్టం. పెద్దవాళ్లని నెలకోసారి ఆసుపత్రికి తీసుకెళ్లే ఇంట్లో ఈ ఒక్క కారణమే చాలు. దర్జా కోసం మాత్రమే అయితే, ఆ దర్జాకి డీజిల్‌లో, టైర్లలో, మలుపుల్లో ఊగుడులో రోజూ కడుతుంటారు.

వానాకాలం మాట ఒకటి. ఎస్‌యూవీ ఉంది కదా అని పొంగిన వాగులోకి దింపకండి. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారుని లాక్కుపోగలవు. రెండడుగులైతే ఎస్‌యూవీలు కూడా కొట్టుకుపోతాయి. గుండ్లకమ్మ పొంగిన రోజు మీ బండి లోగో ఏదైనా ఒకటే.

ఇదంతా మన పది లక్షల బడ్జెట్‌కి తెచ్చుకుందాం. మారుతి ఫ్రాంక్స్ అంటే దాదాపు బాలెనోనే పైకి లేపిన బండి. క్లియరెన్స్ 190 మిల్లీమీటర్లు, ఎత్తు 1,550. బ్రెజా క్లియరెన్స్ 200, ఎత్తు 1,685. పొట్ట కింద తేడా 10 మిల్లీమీటర్లు, నెత్తి మీద తేడా 135. వోల్వో, ఆడి కథ ఇక్కడ కూడా అదే.

అందుకని నాన్న అడిగినప్పుడు ఈ నాలుగూ చూసి చెప్పండి. ఎప్పుడూ ఎంతమంది ఎక్కుతారు? పెద్దవాళ్ల మోకాళ్లు ఎలా ఉన్నాయి? నలుగురిని ఎక్కించి మీ వీధి బ్రేకర్ మీద నడిపితే అడుగు తగులుతుందా? తీసుకునే వేరియంట్‌లో స్టెబిలిటీ కంట్రోల్ ఉందా? లగ్జరీ బండి అయితే ఐదోది కూడా ఉంది. సర్వీస్ సెంటర్ వినుకొండలో ఉండదు, ప్రతి చిన్న రిపేరుకీ పెద్ద సిటీకే పోవాలి.

నన్నడిగితే, నలుగురైదుగురున్న ఇంటికి, రాత్రి హైవే ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లకి వి90 క్రాస్ కంట్రీయే సరైన బండి. కొత్తది ఇప్పుడు మన దగ్గర అమ్మట్లేదు కాబట్టి సర్వీస్ రికార్డు మొత్తం ఉన్న పాతది దొరికితేనే తీసుకోండి. దొరక్కపోతే తొందరపడొద్దు, ఆగండి. ఉంటా మరి. బెల్ట్ పెట్టుకోండి, వెనక సీట్లో వాళ్లతో కూడా పెట్టించండి.