కళాశాల విద్యార్థి: దేహారోగ్యము, మనశ్శాంతి

మాఘ ఫాల్గుణములు వచ్చుసరికి మన యిండ్లలో రేడియో చప్పుడు తగ్గును. ఇంటర్మీడియేటో, డిగ్రీయో చదువు పిల్లలున్న యింట పెద్దలు మెల్లగా మాటలాడుదురు. చుట్టముల రాకను వేసవికి వాయిదా వేయుదురు. అర్ధరాత్రి దాటినను వెలుగుచున్న దీపమును చూచి, బిడ్డ చదువుచున్నాడు గదా యని తల్లి తృప్తిపడును. ఆ దీపము క్రింద కూర్చున్నవాని దేహము ఏ స్థితిలో నున్నదో, మనస్సు ఎంత భారము మోయుచున్నదో విచారించువారు మాత్రము తక్కువ. నేటి ప్రసంగము ఆ రెంటిని గూర్చియే.

నేను వైద్యుడను కాను. వైద్యులను, ఆహారశాస్త్రజ్ఞులను, విద్యార్థులను మైక్రోఫోను ముందు కూర్చుండబెట్టి ప్రశ్నించుట నా ఉద్యోగము. యువజనుల నుండి వచ్చు ఉత్తరములలో మరల మరల కనబడు ప్రశ్న ఒకటి కలదు: జ్ఞాపకశక్తి పెరుగుటకు మందేదైనను ఉన్నదా? దీనిని ఏ నిపుణుని ముందుంచినను ఆయన మొదట ఎదురు ప్రశ్నలే వేయును. రాత్రి ఎన్ని గంటలు నిద్రించితివి? ఉదయము ఏమి తింటివి? నేడు ఎంత దూరము నడచితివి? ఉత్తరము వ్రాసిన బాలునకు ఇది దాటవేతగా తోచవచ్చును. కాని సమాధానములో అధికభాగము ఆ ప్రశ్నలలోనే యున్నది.

"పరీక్షలు కానిండు, తరువాత నిద్రపోవుదును; తరువాత ఆడుకొందును" అని విద్యార్థి తలచును. చదువు మెదడు చేయు పని యనియు, తక్కిన దేహము కొంతకాలము ఓర్చుకొనగలదనియు అతని లెక్క. ఈ లెక్కయే తప్పు. మెదడు కూడ దేహములోని అవయవమే. బరువులో అది నూటికి 2 వంతులు మాత్రమే. కాని విశ్రాంతిగా నున్నప్పుడు దేహము వ్యయపరచు శక్తిలో నూటికి ఇంచుమించు 20 వంతులు అదియే తీసికొనును. ప్రాణవాయువును, గ్లూకోసును రక్తము దానికి ఎడతెగక తెచ్చి యిచ్చుచుండవలెను. దేహమును ఎండగట్టి మెదడును మాత్రము పోషించుట ఎవ్వరికిని సాధ్యము కాదు.

మొదట నిద్రను గూర్చి. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన జెంకిన్స్, డాలెన్‌బాక్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగ ఫలితమును ప్రకటించిరి. ఇద్దరు కళాశాల విద్యార్థులచేత అర్థము లేని శబ్దములను పదేసి చొప్పున కంఠస్థము చేయించి, కొన్ని పర్యాయములు వెంటనే నిద్రపోనిచ్చిరి. కొన్ని పర్యాయములు పగటి పనులలో తిరుగనిచ్చిరి. ఎనిమిది గంటల పిమ్మట అడుగగా, మేలుకొనియున్న దినములలో పదింటిలో ఒకటి గుర్తుండుటయే గగనమైనది. నిద్రించిన దినములలో ఇంచుమించు సగము నిలిచినవి. ప్రయోగము చిన్నది, పాల్గొన్నవారు ఇద్దరే. కాని ఆ తరువాత జరిగిన విస్తారమైన పరిశోధన ఆ త్రోవనే బలపరచినది. పగలు నేర్చినది మొదట మెదడులో హిపోకాంపస్ అను చిన్న భాగమున చేరును. గాఢనిద్రలో ఆ ముద్రలు మరల కదలి, మెదడు పైపొరలలో క్రమముగా స్థిరపడును. గ్రంథాలయమునకు వచ్చిన పుస్తకములు పగలెల్ల బల్లపై గుట్టగా పడియుండగా, రాత్రి వానిని బీరువాలలో సర్దు గుమాస్తా వంటిది నిద్ర. ఆ గుమాస్తాను పంపివేసి ఇంకను పుస్తకములు తెచ్చి పోయువానికి, పరీక్షనాడు కావలసిన పుస్తకము చేతికి దొరకదు.

పదునెనిమిదేండ్లు నిండినవారికి రాత్రికి 7 నుండి 9 గంటల నిద్ర కావలెను. అంతకు చిన్నవారికి 8 నుండి 10 గంటలు. నిద్రపోవు వేళ, లేచు వేళ దినదినము మారరాదు. మేలుకొనుటకై త్రాగు కాఫీ, టీలను గూర్చి ఒక మాట. కాఫీలోని కెఫీన్ దేహమునుండి మెల్లగా తొలగును. సామాన్యముగా అయిదు గంటలు గడచినను అందులో సగము మిగిలియుండును. సాయంత్రము ఆరింటికి త్రాగినది రాత్రి పదకొండింటికి కూడ పనిచేయుచునే యుండును. పక్క చేరిన పిమ్మట చేతిలోని సెల్‌ఫోను చేయు హాని అంతకు తక్కువ కాదు. వేకువనే లేపుటకు ఫోను కావలెనన్నచో, దానికి బదులు చిన్న గడియారము చాలును.

ఇక వ్యాయామము. 1953లో లండనులో జెర్రీ మోరిస్ అను వైద్యుడును, ఆయన సహచరులును ఆ నగరపు బస్సు ఉద్యోగులను పరిశీలించి ఫలితములను ప్రకటించిరి. రెండంతస్తుల బస్సులో డ్రైవరు దినమెల్ల కూర్చుండును. కండక్టరు మెట్లెక్కుచు దిగుచుండును. గుండెజబ్బు డ్రైవర్లలో కంటె కండక్టర్లలో తక్కువగా కనబడెను. మన విద్యార్థి నేడు ఆ డ్రైవరు వలెనే యున్నాడు. తరగతిలో కూర్చుండును, బస్సులో కూర్చుండును, ట్యూషనులో కూర్చుండును, హాస్టలు గదిలో మరల కూర్చుండును. ఇరువది యేండ్ల వయసులో దీని ఫలితము గుండెపై కనబడకపోవచ్చును. మెడనొప్పి, నడుమునొప్పి, నిద్ర పట్టకపోవుట, చదువుచుండగనే కన్నులు మూతపడుట మాత్రము ఇప్పుడే కనబడును.

ఎంత వ్యాయామము చాలును? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారము పదునెనిమిదేండ్లు నిండినవారికి వారమునకు కనీసము 150 నిమిషములు, అనగా అయిదు దినములు అరగంట చొప్పున వడిగా నడచుట చాలును. వారములో రెండు దినములైనను కండరములకు బలమిచ్చు అభ్యాసములు చేయవలెను. పదునేడేండ్ల వరకు గలవారు దినమునకు సగటున గంటసేపు ఆడుట, పరుగెత్తుట అవసరము. నడక వడిగా నున్నదా లేదా యని తెలిసికొనుటకు యంత్రమక్కరలేదు. నడచుచు మాటలాడగలిగి, పాట మాత్రము పాడలేకపోయినచో ఆ వేగము తగినది. సూర్యనమస్కారములకు చాపయంత చోటు చాలును. చెడుగుడు ఆటకు ఖర్చే లేదు. మైదానము లేని హాస్టళ్లలో, ముఖ్యముగా బాలికల హాస్టళ్లలో, మేడమెట్లు, డాబా, ఒక తాడు ఉన్నచో చాలును. చదువుచున్నప్పుడు కూడ ముప్పావు గంటకొక పర్యాయము లేచి నాలుగడుగులు వేయవలెను. ఎన్నడును అలవాటు లేనివారు మెల్లగా ప్రారంభింపవలెను. ఒక్కనాడు ఒళ్లు హూనము చేసికొని వారము దినములు మంచమెక్కుట వ్యాయామము కాదు.

ఆహారమును గూర్చి మనకు సలహా చెప్పు సంస్థ మన హైదరాబాదులోనే యున్నది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందెను. ఆ సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనలలో ముఖ్యమైనది: కంచములో సగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెను. మన హాస్టలు కంచములో ముప్పాతిక భాగము అన్నమే. తక్కిన భాగము పలుచని చారు. అన్నము చెడ్డది కాదు, తోడు లేని అన్నము చాలదు. బియ్యపు మాంసకృత్తులలో లైసీన్ అను భాగము కొరత. పప్పులలో అది సమృద్ధిగా నుండును. పప్పులలో కొరతయైన మిథియోనీన్‌ను బియ్యము పూరించును. పప్పన్నము, ఇడ్లీ, పులగము మన పెద్దలు రుచి కొరకే కనుగొన్నవైనను, ఆ జోడింపు శాస్త్రమునకు సరిపోవుచున్నది. ముద్దపప్పు, గ్రుడ్డు, మజ్జిగ, గుప్పెడు వేరుశనగలు దినమును దొరకు సామాన్య విద్యార్థికి డబ్బాలలో అమ్మెడి మాంసకృత్తుల పొడితో పని లేదు. ఉదయము ఏమియు తినక, పదకొండింటికి పునుగులు, ఒక శీతల పానీయముతో సరిపెట్టుకొనువారు పెక్కురు. అట్టి తీపి పానీయపు చిన్న సీసాలో సామాన్యముగా ఆరు చెంచాల చక్కెర ఉండునని వారెరుగవలెను.

ఆహారవిషయమున బాలికలను గూర్చి వేరుగా చెప్పవలసియున్నది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమున 15 నుండి 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కనబడినది. రక్తములో హిమోగ్లోబిన్ తగ్గినచో మెదడునకు, కండరములకు ప్రాణవాయువు చాలినంత చేరదు. మెట్లెక్కగనే ఆయాసము, పుస్తకము ముందు కూర్చున్నను నిలువని దృష్టి, ఎప్పుడును అలసట కలుగును. ఇంటిలో దీనికి సోమరితనమని పేరు పెట్టుదురు. ఆ బాలికకు మందలింపు కాదు, రక్తపరీక్ష కావలెను. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గినచో వైద్యుని సలహాపై ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలు వాడవలెను. తోటకూర, గోంగూర, శనగలు, నువ్వులు తరచుగా తినవలెను. వానితో నిమ్మరసమో, జామపండో, ఉసిరికయో చేరినచో ఇనుము దేహమునకు బాగుగా పట్టును. భోజనముతో పాటు టీ త్రాగినచో పట్టుట తగ్గును గనుక, గంటసేపు ఎడమివ్వవలెను. ఆకుకూరలలోని ఈ ఫోలిక్ ఆమ్లమును 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారి ప్రసక్తి మరల వచ్చును.

దేహము ఇంత చెప్పించుకొన్న తరువాత మనస్సు మాట. పరీక్ష గదిలో గుండె దడదడలాడుట, నోరెండుట, అరచేతులు చెమర్చుట పిరికితనము కాదు. ఆపద యెదురైనపుడు పోరాడుటకో, పారిపోవుటకో దేహము సిద్ధపడు విధానమిది యని అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లోనే వివరించెను. మూత్రపిండములపై నున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తములోనికి వదలును. అడవిలో పులి యెదురైనవానికి అది ప్రాణరక్షణ; ప్రశ్నపత్రము ముందు పరుగెత్తుటకు చోటు లేదు. కొంత భయము మేలే చేయును, పుస్తకము తెరిపించును. మితిమీరినపుడు తెలిసినది కూడ తోచదు. నాలుగు అంకెలు లెక్కించుచు గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కించుచు మెల్లగా వదలుట అయిదు నిమిషములు చేసినచో గుండె వేగము తగ్గును. అంతకంటె మేలైనది ముందుగనే చేయు అభ్యాసము: చదివినదానినే మరల చదువుటకు బదులు, పుస్తకము మూసి, కాగితముపై జవాబు వ్రాసి చూచుకొనుట. దీనివలన జ్ఞాపకము నిలుచును. తెలియనిదేదో ముందే తెలియును గనుక భయమును సన్నగిల్లును.

"వీనికన్నిటికి వేళ యెక్కడిది?" అని విద్యార్థి అడుగవచ్చును. లెక్క వేసి చూతము. నిద్రకు 8 గంటలు, వ్యాయామమునకు 1 గంట, స్నానభోజనములకు, ప్రయాణమునకు 3 గంటలు, వెరసి 12. తరగతులకు, సొంత చదువునకు కలిపి ఇంకను 12 గంటలు మిగులుచున్నవి. అలసిన మెదడుతో 16 గంటలు కూర్చుండుటకంటె తేరుకొన్న మెదడుతో ఈ 12 గంటలు ఎక్కువ ఫలమిచ్చును.

ఐనను కొందరి భారము నిద్రతోను, నడకతోను తీరునది కాదు. ఈ మాట పెద్దలు శ్రద్ధగా వినవలెను. ప్రభుత్వ లెక్కల ప్రకారము 2022లో మన దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. ఇట్టి మరణములకు కారణము ఒక్కటియే యుండదు. కాని ఫలితముల దినములు ఎంత సున్నితమైనవో మనమెరుగుదుము. 2019 ఏప్రిల్‌లో తెలంగాణమున ఇంటర్మీడియేట్ ఫలితములు వెలువడిన పిమ్మట కొలది దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు పోయిరి. ఆ మార్కులలో పొరపాట్లున్నవని తరువాత తేలినది. ఒక బాలికకు తెలుగులో 99 మార్కులు రావలసియుండగా సున్న పడియుండెను. తప్పినదని చెప్పిన కాగితమే తప్పు కావచ్చును. అది నిజమే యైనను, మరల వ్రాయుటకు పరీక్ష కలదు. ప్రాణమునకు అట్టి రెండవ పర్యాయము లేదు.

బిడ్డ రెండు వారములకు పైగా దిగులుగా నుండుట, తిండి నిద్రలు మానుట, స్నేహితులకు దూరమగుట, "నేను లేకున్న మీకు హాయి" వంటి మాటలనుట కనబడినచో ఉపేక్షింపరాదు. చనిపోవలెనని తోచుచున్నదా యని సూటిగా, మెల్లగా అడుగవచ్చును. అడిగినంత మాత్రమున ఆ తలంపు కొత్తగా పుట్టదు. అడిగినవారున్నారన్న ధైర్యమే పుట్టును. అట్టి సమయమున బిడ్డను ఒంటరిగా విడువక, వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను నంబరుతో రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేసి, తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ నంబరును ఇంటి గోడపై, హాస్టలు తలుపుపై వ్రాసి పెట్టుడు.

ఇందాక సుబ్బారావుగారి పేరు చెప్పితిని. కండరము బిగిసినపుడు శక్తి నిచ్చు రసాయనములను 1920లలో హార్వర్డులో ఫిస్కేతో కలిసి వెలికి తీసినవారు, ఎందరికో రక్తహీనతను మాన్పిన ఫోలిక్ ఆమ్లమును తయారుచేయించినవారు ఆయనయే. అట్టి సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయము ఉత్తీర్ణులైరి. రెండవ పర్యాయము తప్పిననాడు ఆ మార్కుల కాగితమును చూచినవారెవ్వరును ఆ బాలుని భవిష్యత్తును అందులో చదువగలిగి యుండరు. ఫలితములు వచ్చిననాడు, మార్కులెన్ని యని అడుగుటకు ముందు, అన్నము తింటివా యని అడుగుడు. తక్కిన మాటలు తిన్న తరువాత మాటలాడుకొనవచ్చును.