గొట్టం ఆగిపోయే చోట

నోటి ద్వారా వేసే ఎండోస్కోపీ గొట్టం జీర్ణాశయం దాటి కాస్త దూరం పోయి ఆగుతుంది. కింది నుంచి వేసే కొలనోస్కోపీ పెద్దపేగంతా చూసి, చిన్నపేగు చివర్లోకి తొంగిచూసి వెనక్కొస్తుంది. మధ్యలో మిగిలిన సుమారు ఆరు మీటర్ల పేగు లోపలి వైపు చాలాకాలం డాక్టర్లకు సరిగ్గా కనబడలేదు. బేరియం తాగించి ఎక్స్‌రేలు తీస్తే పేగు ఇరుకైన చోటు తెలిసేది కానీ, రక్తం చెమ్మగిల్లే చిన్న మచ్చ దొరికేది కాదు.

గొట్టం పొడుగు పెంచితే సరిపోదా అని క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు. సరిపోదు. చిన్నపేగు మెలికలు తిరిగి వదులుగా వేలాడుతుంటుంది. వెనక నుంచి ఎంత తోసినా ఆ బలం మెలికను సాగదీయడానికే పోతుంది, కొన ఉన్నచోటే ఉంటుంది.

ఇజ్రాయెల్‌లో క్షిపణుల రంగంలో పనిచేసిన ఇంజినీరు గావ్రియెల్ ఇద్దాన్ అసలు తోయడమే వద్దనుకున్నాడు. కెమెరాని మింగేస్తే పేగు తన కదలికతో తానే మోసుకుపోతుంది కదా! లండన్‌లో ఇదే పట్టుదలతో ఉన్న డాక్టర్ పాల్ స్వెయిన్ ఆయనతో కలిశాడు, 1999లో అలాంటి కెమెరా గోళీ ఒకటి తానే మింగాడు కూడా. 11 మిల్లీమీటర్ల లావు, 26 మిల్లీమీటర్ల పొడవుతో తర్వాత వాడుకలోకొచ్చిన గోళీ సెకనుకు రెండు ఫొటోల చొప్పున ఎనిమిది గంటలు తీసి, నడుముకు కట్టిన రికార్డరుకు రేడియోలో పంపేది. అంటే యాభై వేలకు పైనే. అయితే అది చూస్తుందే తప్ప తాకలేదు. అనుమానం వచ్చిన చోట ఆగమంటే ఆగదు.

నా ఓటు మాత్రం జపాన్ డాక్టర్ హిరొనొరి యమమోతోకే. ఆయన 2001లో ప్రకటించిన పద్ధతిలో రెండు మీటర్ల గొట్టం, దాని మీద ఒక తొడుగు, రెండింటి కొసల్లో చెరో మెత్తటి బెలూను ఉంటాయి. గొట్టం ముందుకెళ్లి బెలూను ఉబ్బించి పేగు గోడను పట్టుకుంటుంది. తొడుగు దాని వెంట జారి తన బెలూనూ ఉబ్బిస్తుంది. అప్పుడు మొత్తాన్ని వెనక్కి లాగుతారు. ముందుకు పోవడానికి వెనక్కి లాగడమేమిటి? లంగాకు బొందు ఎక్కించేటప్పుడు గుడ్డ పిన్నీసు మీదికి కుచ్చిళ్లు పడ్డట్టు, పేగు తొడుగు మీదికి పోగవుతుంది. ఇక గొట్టం బెలూనులో గాలి తీసి తోస్తే, వెనక తొడుగు పేగును పట్టుకునే ఉంటుంది కాబట్టి, మెలిక సాగదు, కొన కదులుతుంది. ఇలా పదేపదే చేసి, చేరిన చోట సిరా చుక్క పెట్టి, మిగతా దూరం కింది నుంచి వస్తారు. పైగా ముక్క తీయొచ్చు, కారే రక్తాన్ని ఆపొచ్చు. కాకపోతే మత్తివ్వాలి, ఓపిక కావాలి.

అందుకే రక్తం ఎక్కణ్నుంచి పోతోందో తెలియనప్పుడు సాధారణంగా ముందు గోళీ, చోటు తెలిశాక బెలూను. పేగు గోడ మందం, దాని బయటి వాపు చూడాలంటే మాత్రం సీటీ, ఎమ్మారై ఎంటరోగ్రఫీ అనే స్కాన్లే. గోళీకి ఇంకో చిక్కు ఉంది. క్రోన్స్ జబ్బులోనూ, మన దగ్గర మామూలే అయిన పేగు క్షయలోనూ పేగు ఇరుకైపోవచ్చు. అక్కడ గోళీ ఇరుక్కుంటే తీయడానికి ఒక్కోసారి ఆపరేషన్ దాకా వెళ్లాలి. దీనికీ ఉపాయం కనిపెట్టారు. అదే కొలతలో కెమెరా లేని గోళీని పాల చక్కెర, బేరియంతో చేసి ముందుగా మింగిస్తారు. దారి ఉంటే బయటికొస్తుంది, లేకపోతే ఒకటి రెండు రోజుల్లో కరిగిపోతుంది.